రొమ్ము క్యాన్సర్ చికిత్సా నిర్ణయంలో కణజాల చిత్రాలు – కృత్రిమ మేధ

రొమ్ము క్యాన్సర్ అన్న పేరు ఒకటే అయినా రోగులందరికీ చికిత్స ఒకటే కాదు. కొందరికి శస్త్రచికిత్స తరువాత హార్మోను చికిత్స సరిపోతుంది. కొందరికి కీమోథెరపీ తప్పదు. మరికొందరికి హెర్2 ప్రోటీనును గురిచూసే మందు కావాలి. ఈ విభజనకు ప్రధానాధారం రోగి నుండి సేకరించిన చిన్న కణజాలపు ముక్క. దానిని పలుచని పొరలుగా కోసి రంగులద్దిన స్లైడును పాథాలజిస్టు సూక్ష్మదర్శినిలో పరిశీలిస్తారు. ఆ స్లైడునే స్కానరుతో డిజిటల్ చిత్రంగా మార్చి కృత్రిమ మేధ చేత విశ్లేషింపజేయడం ఇటీవలి పరిణామం.

క్యాన్సర్ ఉనికిని గుర్తించడంలో యంత్రం సామర్థ్యం కొంతవరకు రుజువైంది. నెదర్లాండ్స్ పరిశోధకులు నిర్వహించిన కేమిలియన్16 పోటీ ఫలితాలు 2017లో వెలువడ్డాయి. 129 శోషరస గ్రంథి స్లైడులపై, కాలపరిమితికి లోబడి చదివిన 11 మంది పాథాలజిస్టులను ఉత్తమ అల్గారిథం మించింది. అయితే కాలపరిమితి లేకుండా చదివిన పాథాలజిస్టుతో అది దాదాపు సమానంగానే నిలిచింది. ఈ రెండవ అంశాన్ని ఉదహరించేవారు తక్కువ.

చికిత్సకు దారి చూపడం ఇంతకంటే క్లిష్టమైన పని. 2011లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ప్రకటించిన సి-పాత్ విధానం ఒక్కొక్క చిత్రంలో 6,642 లక్షణాలను కొలిచింది. వ్యాధి తీవ్రతను నిర్ణయించే నాటింగ్‌హామ్ పద్ధతి నాళికల నిర్మాణం, కేంద్రకాల వికృతి, కణవిభజనల సంఖ్య అనే మూడింటినే లెక్కిస్తుంది. మూడూ క్యాన్సర్ కణాల లక్షణాలే. సి-పాత్ మాత్రం ఆ కణాలను ఆవరించిన సంధాయక కణజాలంలోనూ రోగి భవిష్యత్తును సూచించే ఆనవాళ్లను కనుగొంది. పాథాలజిస్టు లెక్కలో చేరని చోటు అది.

నేడు వివాదం హెర్2 గణన చుట్టూ తిరుగుతున్నది. కణత్వచంపై రంగు పట్టిన తీరును బట్టి 0, 1+, 2+, 3+ అని అంకెలు వేస్తారు. 1998లో అమెరికాలో ఆమోదం పొందిన ట్రాస్టుజుమాబ్ 3+ వారికి, జన్యుపరీక్షలో నిర్ధారణ అయిన 2+ వారికి ఉద్దేశించినది. 0, 1+ రెండూ నెగెటివే గనుక వాటి మధ్య భేదానికి అప్పట్లో విలువ లేదు. 2022లో ట్రాస్టుజుమాబ్ డెరక్స్‌టెకాన్‌ను, హెర్2 స్వల్పంగా ఉండి ఇతర అవయవాలకు వ్యాపించిన క్యాన్సర్‌కు కూడా అమెరికా అనుమతించడంతో, ఆ సన్నని గీతే మందు అందుతుందా లేదా అన్నది తేల్చసాగింది. పది శాతానికి మించిన కణాలలో మసకగా, అసంపూర్ణంగా రంగు కనిపిస్తే 1+. తొమ్మిది శాతమా, పదకొండు శాతమా అన్నది కంటిచూపుతో తేల్చడం కష్టం. ఒకే స్లైడుపై ఇద్దరు నిపుణులు విభేదించడం సహజం. కణాలను ఒక్కొక్కటిగా లెక్కించగల యంత్రం ఇక్కడ ఉపకరిస్తుంది. కానీ ఆ యంత్రం నేర్చుకున్నది ఎవరి తీర్పుల నుండి? తమలో తాము విభేదించే ఆ నిపుణుల తీర్పుల నుండే. అందువల్ల నిపుణులతో ఏకీభవించిందా అన్న కొలమానం చాలదు. యంత్రం ఎంపిక చేసిన రోగికి మందు నిజంగా పనిచేసిందా అన్నదే పరీక్ష కావాలి.

మరొక చిక్కు ఉన్నది. అమెరికాలోని క్యాన్సర్ జీనోమ్ అట్లాస్ చిత్రాలపై 2021లో వెలువడిన అధ్యయనం, స్లైడు ఏ ఆసుపత్రి నుండి వచ్చిందో అల్గారిథం పసిగట్టగలదని చూపింది. రంగుల గాఢత, స్కానరు తీరు ఆనవాళ్లుగా మిగులుతాయి. రంగులను సరిచేసినా అవి పూర్తిగా చెరగలేదు. ఆసుపత్రిని గుర్తించి, అక్కడి రోగుల సగటు ఫలితాన్నే జోస్యంగా చెప్పే యంత్రం వ్యాధిని చదివినట్లు కాదు. కనుక శిక్షణకు వాడిన ఆసుపత్రుల స్లైడులను పరీక్షకు వాడరాదు. హైదరాబాదులోనో విశాఖపట్నంలోనో ఇటువంటి పరికరాన్ని ప్రవేశపెట్టదలిస్తే ముందుగా అక్కడి స్లైడులపైనే పరీక్షించవలసి ఉంటుంది. ముక్కను గంటలోపు ఫార్మలిన్‌లో వేయాలనీ, 6 నుండి 72 గంటలు అందులో ఉంచాలనీ హెర్2 పరీక్షా మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఆ దశలో జరిగిన జాప్యాన్ని ఏ అల్గారిథమూ తరువాత సరిదిద్దలేదు.