వెటకారమని ఎలా తెలుస్తుంది?

ఈ రోజు వెటకారం గురించి మాట్లాడుకుందాం. ఎలా చెయ్యాలో నేను చెప్పక్కర్లేదు, అది మనందరికీ బాగానే వచ్చు. అది వెటకారమని అవతలివాళ్ళకి ఎలా తెలుస్తుంది? అదీ సంగతి.

పదింటికి రమ్మంటే పన్నెండింటికి వచ్చిన తమ్ముడితో అక్క "ఇప్పుడురా రావడం?" అంటే అది కోపం. "దయచేయండి బాబుగారూ, తమరి కోసమే కాచుకుని ఉన్నాం" అంటే? గుచ్చుకుంటుంది. మారిందల్లా గౌరవమే. నువ్వు, మీరు, తమరు అని మనకి మెట్లున్నాయి కదా. ఎవరిది ఏ మెట్టో ఇంట్లో అందరికీ తెలుసు. ఉన్నట్టుండి రెండు మెట్లు పైకి ఎక్కించారంటే అది మర్యాద కాదు! గొంతుతో పన్లేదు కాబట్టి ఇది కాగితం మీదా పనిచేస్తుంది.

ఇంకోటి, నాకు మరీ ఇష్టమైనది, "ట". "వాడికి ఒంట్లో బాలేదట" అంటే ఎవరో చెప్పగా విన్నామని, అంతే. "పాపం, ఒంట్లో బాలేదట! సెకండ్ షోకి వెళ్ళాడు" అంటే మాత్రం, ఆ మాట నాది కాదు, నేను నమ్మట్లేదు అని ఆ ఒక్క అక్షరమే చెప్పేస్తుంది. పత్రికలవాళ్ళు అభివృద్ధి(!) అని బ్రాకెట్లో పెట్టే గుర్తు చేసే పనీ ఇదే.

కాసుల పురుషోత్తమ కవి ఆంధ్రనాయక శతకంలో దేవుణ్ణే ఎత్తిపొడిచాడు. అయినా అది స్తుతేనని మనకి తెలుస్తుంది, భక్తుడు రాసిన శతకం కాబట్టి. చుట్టూ ఉన్న సందర్భం కూడా గుర్తే.

ఇవేవీ లేనప్పుడే చిక్కు. "ముహూర్తం టైముకి వచ్చేస్తాం బావగారూ" అని వాట్సాప్‌లో పెట్టారు. "చాలా సంతోషం" అని జవాబొచ్చింది. నిజంగా సంతోషమా, రెండు రోజులు ముందు రావాల్సినవాళ్ళు చుట్టపుచూపుగా వస్తున్నారనా? ఫోన్లో అయితే "చాలా" ఎంత సాగిందో విని తేల్చుకునేవాళ్ళం. ఇలాంటి రెండు మాటల మీద రెండిళ్ళ మధ్య రాకపోకలు ఆగిపోగలవు.

వ్యంగ్యానికి ప్రత్యేకంగా ఒక గుర్తుండాలని 1899లో ఫ్రెంచ్ కవి అల్కాంటెర్ ద బ్రామ్ ఒకటి ప్రతిపాదించాడు. నిలవలేదు. గుర్తు పెట్టి మరీ చెప్తే ఇంక వెటకారం ఏముంది? నవ్వు బొమ్మ పెడదామంటే అదీ వెటకారంగానే కనిపిస్తోంది ఈమధ్య.

నేనైతే స్నేహితులకి "తమరు" అని ధైర్యంగా రాస్తాను. వియ్యాలవారికి మాత్రం మెసేజ్‌లో వద్దే వద్దు. అటునుంచి "చాలా సంతోషం" వస్తే అర్థం వెతుక్కుంటూ కూర్చోకుండా ఫోన్ చేసి, "ఇంకా ముందే రమ్మంటారా?" అని అడిగెయ్యండి.