ఇంటివద్దనే రక్తములో చక్కెర పరీక్ష

ఇచ్ఛాపురము, కవిటి, సోంపేట, పలాస ప్రాంతములతో కూడిన ఉద్దానము కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలకు ప్రసిద్ధి. మూత్రపిండముల వ్యాధి వలన కూడ ఈ సీమ పేరు దేశమంతట వినవచ్చినది. ఆ రోగులలో పెక్కుమందికి మధుమేహము లేదు. వ్యాధికి మూలకారణము ఇంకను నిర్ధారణ కాలేదు. అయితే మధుమేహము మూత్రపిండములను చెరచునన్న సంగతి నిస్సందేహముగా రుజువైనది. తెలియని శత్రువును శాస్త్రజ్ఞులు వెదకుచుండగా, తెలిసిన శత్రువును ఇంటివద్ద కనిపెట్టియుండుట మన చేతిలోని పని.

ఒకప్పుడు మూత్రమును బెనెడిక్టు ద్రావణముతో కాచి, రంగునుబట్టి చక్కెరను అంచనా వేసెడివారు. రక్తములో చక్కెర మిక్కిలి పెరిగిననేగాని అది మూత్రములో కనిపించదు. తగ్గిపోయినచో ఆ పరీక్ష ఏమియు చెప్పజాలదు. నేడు గ్లూకోమీటరు అను చిన్న యంత్రము ఒక్క రక్తపుబొట్టుతో కొద్ది క్షణములలో లెక్క తేల్చుచున్నది.

నొప్పి తక్కువగా పరీక్షించు విధము

ముందుగా చేతులను సబ్బుతో, గోరువెచ్చని నీటితో కడిగి పొడిగా తుడుచుకొనవలెను. పనసతొనలు ఒలిచిన చేతితో, బెల్లము ముట్టిన చేతితో పరీక్షించినచో లేని చక్కెర ఉన్నట్లు కనిపించును. చేతిని కొంతసేపు క్రిందికి వ్రేలాడదీసి, అరచేతినుండి వ్రేలి కొనవైపు మెల్లగా రాయవలెను. వ్రేలి కొన నడుమ గుచ్చరాదు; ప్రక్కభాగమున గుచ్చినచో నొప్పి తక్కువ. ప్రతిదినము ఒకే వ్రేలిని బాధింపక మార్చుచుండవలెను. గట్టిగా పిండరాదు, పిండినచో రక్తములో ఒంటినీరు కలిసి లెక్క తప్పును. డయాలిసిస్ కొరకు శస్త్రచికిత్స జరిగిన చేతిని విడిచి, రెండవ చేతి వ్రేలిని ఉపయోగించవలెను.

ప్రతిసారి కొత్త సూది వాడవలెను. ఒకరి సూది మరియొకరికి ఎన్నడును వాడరాదు. దానివలన కామెర్లవంటి అంటువ్యాధులు సోకును. పరీక్షపట్టీల డబ్బీ మూత బిగించియుంచవలెను. సముద్రతీరపు తేమగాలి సోకిన పట్టీలు తప్పుడు లెక్కలు చూపును.

అంకె చెప్పు సంగతి

ఇన్సులిన్ తీసికొనిన వృద్ధురాలు ఏమియు తినక తోటపనికి పోయి, మధ్యాహ్నమునకు చెమటలు పట్టి వణకుచు కూలబడినది అనుకొందము. నీరసమని ఆమెను పడుకొనబెట్టుట ప్రమాదకరము. డెసిలీటరుకు 70 మిల్లీగ్రాములకంటె తక్కువ చూపినచో, మూడు టీచెంచాల పంచదార నీటిలో కలిపి వెంటనే త్రాగించి, 15 నిమిషములకు మరల పరీక్షించవలెను. స్పృహ లేనివారి నోట ఏమియు పోయరాదు; 108 వాహనమును పిలువవలెను.

మూత్రపిండముల రోగుల విషయమున మరింత జాగ్రత్త కావలెను. శరీరమునుండి ఇన్సులిన్‌ను తొలగించు పనిలో మూత్రపిండములకు గొప్ప పాత్ర కలదు. అవి దెబ్బతిన్నచో నిన్నటి మోతాదే నేడు ఎక్కువ కావచ్చును. తోటలో చేతికందునని వారికి కొబ్బరినీరు ఇయ్యరాదు. అందలి పొటాషియము గుండెకు హాని చేయగలదు. పంచదార నీరే మేలు. రక్తహీనత ఉన్నవారికి యంత్రము వాస్తవముకంటె హెచ్చు అంకె చూపవచ్చును. కావున అంకె బాగుగ ఉన్నను, చెమట, వణుకు కనిపించినచో లక్షణములనే నమ్మవలెను.

ప్రతి అంకెను తేదీ, వేళలతో పుస్తకములో వ్రాసి వైద్యునికి చూపవలెను. సొంతముగా మోతాదు మార్చుకొనరాదు.

పంచాయతీ కర్తవ్యము

30 ఏండ్లు దాటినవారికి ప్రభుత్వ ఆరోగ్య సిబ్బంది మధుమేహ, రక్తపోటు పరీక్షలను ఉచితముగా చేయుచున్నారు. ఆ దినమును ముందుగా దండోరా వేయించి, తోటలకు పోవువారుకూడ వచ్చునట్లు చూడవలెను. ఆశా కార్యకర్తచే ప్రతి రోగి ఇంట ఒకరికైనను ఈ పరీక్ష నేర్పించవలెను. వాడిన సూదులను మందమైన ప్లాస్టిక్ సీసాలో వేసి, మూత బిగించి ఆరోగ్య కేంద్రమునకు చేర్పించవలెను. చెత్తలో పడిన సూది మన పారిశుద్ధ్య కార్మికుని చేతనే గుచ్చుకొనును.

పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల ఆసుపత్రి, మూత్రపిండ వ్యాధుల పరిశోధన కేంద్రము ప్రారంభమైనవి. అచటికి చేరవలసిన అవసరము కొందరికైనను తప్పించుటకు, ఇంటిలోని ఈ రక్తపుబొట్టు పరీక్ష తోడ్పడును. ఆ ఎరుకను గడపగడపకు చేర్చుట పంచాయతీ సభ్యుల వంతు.