తాతయ్య మెదడులో కుడి ఎడమలు

కుడిచేతి చూపుడువేలితో బల్ల మీద ఎంత వేగంగా తట్టగలరో తట్టండి. మీ స్నేహితుణ్ణి గడియారం చూస్తూ 20 సెకన్లపాటు లెక్కపెట్టమనండి. తర్వాత 17వ ఎక్కం పైకి చదువుతూ అదే పని చేయండి. ఇప్పుడు ఎడమచేత్తో రెండుసార్లు: ఒకసారి ఊరికే, ఒకసారి ఎక్కంతో. కుడిచేతి వాటం గలవారిలో చాలామందికి ఒక వింత కనిపిస్తుంది. నోరు మాట్లాడుతున్నప్పుడు రెండు చేతులూ నెమ్మదిస్తాయి గాని, కుడిచేయి మరికాస్త ఎక్కువగా నెమ్మదిస్తుంది. ఒక్కసారికే తేలలేదని వదిలేయకండి. నాలుగైదుసార్లు చేసి సగటు తీయండి.

ఎందుకిలా? మన శరీరంలో కుడిభాగాన్ని నడిపేది మెదడులోని ఎడమ సగం. ఎడమభాగాన్ని నడిపేది కుడి సగం. మాటను నడిపేది కూడా, కుడిచేతి వాటం గలవారిలో నూటికి సుమారు 95 మందికి, ఎడమ సగమే. అంటే కుడివేలు ఆడుతూ ఎక్కం చదివేటప్పుడు రెండు పనులూ ఒకే సగం నెత్తిన పడుతున్నాయన్నమాట.

మా ద్వారకా తిరుమల కొండకు వచ్చినవారికి తెలుసు, అక్కడ ఒకే విమానశిఖరం కింద స్వామివారి మూర్తులు రెండు ఉంటాయి. మన పుర్రె లోపలి ఏర్పాటు చెప్పేటప్పుడు నేను తరగతిలో ఆ సంగతే గుర్తుచేస్తాను. పిల్లలు ఇక మరిచిపోరు. సుమారు 1,300 గ్రాముల మెదడు, అందులో దాదాపు 8,600 కోట్ల నాడీకణాలు. అది రెండు అర్ధగోళాలుగా ఉంటుంది. ఆ రెంటినీ కలుపుతూ మధ్యలో కార్పస్ కెలోజం అనే వంతెన. దానిలో 20 కోట్ల దాకా నాడీతంతువులు అటూ ఇటూ వార్తలు మోస్తాయి. చూడటానికి రెండు సగాలూ అద్దంలో బింబాల్లా ఉన్నా పనులు మాత్రం సమానంగా పంచుకోలేదు. దీనినే మెదడు అసౌష్ఠవం అంటారు.

ఈ సంగతి మొదట బయటపడింది ఒక రోగి వల్ల. 1861లో పారిస్ దగ్గరి బిసెట్ర్ ఆసుపత్రిలో లెబోర్న్ అనే 51 ఏళ్ళ మనిషి ఉండేవాడు. ఏమడిగినా "టాన్" అనే ఒక్క శబ్దమే పలికేవాడు. ఎదుటివారి మాటలు మాత్రం చాలావరకు అర్థమయ్యేవి. అతడు చనిపోయాక పాల్ బ్రోకా అనే వైద్యుడు మెదడు తీసి చూస్తే ఎడమ అర్ధగోళం ముందుభాగంలో దెబ్బ కనిపించింది. అలాంటి రోగులను మరికొందరిని చూచాక, 1865 నాటికి ఆయన మనం ఎడమ మెదడుతోనే మాట్లాడుతున్నామని ప్రకటించాడు.

మరి కుడి సగం ఊరికే కూర్చుంటుందా? అది దెబ్బతిన్నవారిని చూస్తే దాని విలువ తెలుస్తుంది. మాట చక్కగా వస్తుంది. కాని కొందరికి ఎడమవైపు ప్రపంచమే ఉండదు! విస్తరిలో కుడివైపు వడ్డించిన కూర తింటారు, ఎడమవైపు పప్పు ముట్టరు. పప్పు వేయలేదేమని కోడలిపై కోపం చేస్తారు. విస్తరి తిప్పి పెడితే అప్పుడు కనిపిస్తుంది. కళ్ళలో లోపం లేదు, ధ్యాసలో లోపం. స్థలజ్ఞానం, ముఖాలు గుర్తుపట్టడం, ఎదుటివారి గొంతులోని కోపాన్నీ లాలననూ పసిగట్టడం వంటి వాటిలో కుడి సగానిది పెద్ద చేయి.

అయితే కొందరు కుడిమెదడు మనుషులు, కొందరు ఎడమమెదడు మనుషులు, కనుక ఒకరికి చిత్రలేఖనం, ఇంకొకరికి లెక్కలు అని పుస్తకాల్లో రాస్తుంటారే, దాన్ని మాత్రం నమ్మకండి. లెక్కలు రాకపోవడానికి అది సాకు కాదు సుమా!

కుడి ఎడమల తెలివిడి ఇంట్లో ప్రాణం కాపాడుతుంది కూడా. మా వీధిలో ఒక పెద్దాయన, కొబ్బరితోట రైతు, ఒక తెల్లవారుజామున లేచేసరికి మూతి పక్కకు పోయింది, కుడిచేయి లేవలేదు, మాట ముద్దగా వచ్చింది. గాలి సోకిందని, కాసేపు పడుకుంటే సర్దుకుంటుందని ఇంటివారు మధ్యాహ్నందాకా చూచారు. కుడిచేయీ మాటా ఒకేసారి పోయాయంటే ఎడమ అర్ధగోళంలో రక్తనాళం మూసుకుపోయిందో, చిట్లిందో అని మీరు ఇప్పుడు ఊహించగలరు. గడ్డను కరిగించే మందు ఉన్నది. స్కాను తీసి రక్తస్రావం లేదని తేల్చుకున్నాక, లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల లోపల సాధారణంగా దాన్ని ఇవ్వాలి. ఆయన బతికారు గాని మాట తిరిగి రాలేదు. ఏలూరు ఎంతో దూరం లేదు. 108కి ఫోను చేయడానికి ఒక్క నిమిషం చాలు.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఏ దెబ్బా తగలకుండా మామూలుగా ముసలితనం వస్తే ఈ రెండు సగాలు ఏమవుతాయి?

వయసుతోపాటు మెదడు కొద్దిగా కుంచించుకుపోతుంది, ముఖ్యంగా నుదుటి వెనుక భాగం. ఆలోచన వేగం తగ్గుతుంది. మనవడి పేరు పిలవబోయి ముందు కొడుకు పేరు, తర్వాత తమ్ముడి పేరు పిలిచే తాతయ్యను మీరు చూచే ఉంటారు. అయితే పదసంపద తగ్గదు, అరవై దాటాక కూడా పెరగవచ్చు. సామెతలు చెప్పడంలో మామ్మతో పోటీపడి చూడండి!

2002లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయానికి చెందిన రాబర్టో కబేజా, ఆయన సహచరులు ఒక పరీక్ష చేశారు. పడుచువారికి, పెద్దవారికి మాటలు గుర్తుచేసుకొనే పని ఇచ్చి, ఆ సమయంలో మెదడులో ఏ చోట రక్తప్రసారం పెరుగుతుందో యంత్రంతో చూచారు. పడుచువారిలో నుదుటి వెనుక ముఖ్యంగా కుడి సగం పనిచేసింది. పెద్దవారిలో జ్ఞాపకం బలహీనంగా ఉన్నవారికీ అంతే. కాని పడుచువారితో సమానంగా గుర్తుచేసుకొన్న పెద్దవారిలో రెండు సగాలూ పనికి దిగాయి! పడుచువాడు బిందెను ఒక భుజాన పెట్టుకొని పోతాడు. వయసు మళ్ళినవాడు కావడి కట్టుకొని రెండువైపులా బరువు తూచి నడుస్తాడు. నీళ్ళు మాత్రం ఇద్దరూ ఇంటికి తెస్తారు. వయసుతో అసౌష్ఠవం తగ్గుతుందన్న ఈ సిద్ధాంతానికి ఇంగ్లీషు పొడి అక్షరాలతో 'హెరాల్డ్' అని పేరు పెట్టారు. ఎవరో పెద్దమనిషి పేరులా ఉంది గదా.

అందరూ ఒప్పుకోలేదు. 2018లో బ్రిటన్ శాస్త్రజ్ఞులు మోర్కమ్, హెన్సన్ వేరే రకంగా లెక్కకట్టి, పెద్దవారి మెదడులో ఎక్కువగా వెలిగిన భాగాలు కొత్త సమాచారమేమీ మోయడం లేదనీ, అది సాయం కన్నా పట్టు సడలడమే కావచ్చుననీ అన్నారు. తగవు ఇంకా తీరలేదు. సైన్సులో ఇది లోపం కాదు, రోజూ జరిగే పనే.

అయితే వయసు మీదపడ్డా కొందరి మెదడు తట్టుకుంటుంది, కొందరిది తట్టుకోదు. దీని మీద మన హైదరాబాదులోనే గొప్ప పని జరిగింది. నిజామ్స్ వైద్యవిజ్ఞాన సంస్థ, అదే నిమ్స్‌లో, డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగుల వివరాలు పరిశీలించి 2013లో ప్రకటించింది. డిమెన్షియా అంటే రోజువారీ పనులు కూడా చేసుకోలేనంతగా జ్ఞాపకం, ఆలోచన దెబ్బతినే జబ్బు. మనదేశంలో 60 దాటినవారిలో నూటికి 7 మందికి పైగా దానితో బాధపడుతున్నారని అంచనా. ఆ 648 మందిలో 391 మంది రెండు లేదా అంతకన్నా ఎక్కువ భాషలు మాట్లాడేవారు. వారికి ఈ జబ్బు ఒకే భాష వచ్చినవారికన్నా సగటున నాలుగున్నర ఏళ్ళు ఆలస్యంగా మొదలైంది. మూడో భాష, నాలుగో భాష వల్ల అదనపు లాభం కనబడలేదు.

చదువుకున్నవారికి భాషలు ఎక్కువ వస్తాయి, లాభం చదువుదేనేమో అని మీకు అనుమానం రావాలి. వచ్చిందా? వారికీ వచ్చింది. అందుకే బొత్తిగా అక్షరం రానివారిని విడిగా చూచారు. వారిలోనూ ఈ తేడా కనిపించింది. మన జిల్లాలో బుట్టాయగూడెం వైపు ఇంట్లో కోయభాష, సంతలో తెలుగు మాట్లాడే అవ్వలున్నారు. ఏలూరులో ఇంట్లో ఉర్దూ, బజారులో తెలుగు మాట్లాడే తాతలున్నారు. ఏ మాట వాడాలి, ఏ మాట ఆపుకోవాలి అని వారి మెదడు రోజంతా కసరత్తు చేస్తుంది. 2016లో అదే బృందం పక్షవాతం వచ్చిన 608 మందిని పరిశీలించింది. తర్వాత ఆలోచనాశక్తి మామూలుగా ఉన్నవారు రెండు భాషలవారిలో నూటికి 40 మంది, ఒకే భాషవారిలో 20 మంది. అయితే మాట పోవడం మాత్రం రెండు వర్గాల్లోనూ ఒకేలా ఉంది. ఇతర దేశాల్లో చేసిన కొన్ని పరిశీలనల్లో భాషల లాభం కనబడలేదు కూడా. కనుక రెండో భాషను మందుబిళ్ళ అనుకోవద్దు.

ఇక మనసు సంగతి. ముసలితనమంటే దిగులే అనుకుంటాం. కాని ఆరోగ్యంగా ఉన్న పెద్దవారికి బొమ్మలు చూపి తర్వాత అడిగితే, పడుచువారితో పోలిస్తే చెడ్డవాటికన్నా మంచివే ఎక్కువ గుర్తుంటాయని అమెరికాలో లారా కార్‌స్టెన్‌సెన్ బృందం 2003లో చూపింది. సంతోషం ఎడమవైపు, దిగులు కుడివైపు అని ఒకప్పుడు గీత గీశారు. ఎడమ ముందుభాగంలో పక్షవాతం వస్తే దిగులు ఎక్కువని 1980లలో కొందరు వైద్యులు చెప్పారు. 2000లో పాత పరిశీలనలన్నీ కలిపి చూస్తే ఆ తేడా నిలవలేదు. ఏ సగంలో వచ్చినా, పక్షవాతం వచ్చిన ప్రతి ముగ్గురిలో ఒకరిని దిగులుజబ్బు పట్టుకుంటుంది.

ఇక్కడే ఇళ్ళలో పెద్ద పొరపాటు జరుగుతుంది. తాతయ్య అరుగు మీదికి రావడం మానేశారు. పేపరు తెరవరు. అడిగితే "ఏమో, గుర్తులేదు" అంటారు. "వయసైపోయింది, మతి పోతోంది" అని ఇంటివారు తేల్చేస్తారు. దిగులుజబ్బు ముసలివారిలో కన్నీళ్ళతో రాకపోవచ్చు. అచ్చం మతిమరుపు వేషం వేసుకొని రావచ్చు. థైరాయిడ్ తగ్గినా, బి12 విటమిన్ తగ్గినా అలాగే ఉండవచ్చు. చెవులు వినబడక జవాబివ్వకపోవడమూ ఉంది. వీటన్నిటికీ చికిత్స ఉన్నది.

వైద్యులు మొదట అడిగే ప్రశ్నలు రెండే: గత రెండు వారాలుగా దిగులుగా ఉంటోందా? ఇంతకుముందు ఇష్టంగా చేసిన పనుల మీద మనసు పోవడం లేదా? మూడోది మీరే చెప్పగలరు, ఎందుకంటే సాయంత్రం ఆయన పక్కన కూర్చునేది మీరే: ఇది ఎప్పుడు మొదలైంది? ఒక్క రోజులో మారితే ఒక కారణం, రెండు నెలల్లో మారితే ఒకటి, రెండేళ్ళుగా నెమ్మదిగా మారితే ఇంకొకటి. ఆయన వేసుకొనే మందుల పేర్లన్నీ ఒక కాగితం మీద రాసి, దాని కింద ఆ తేదీ కూడా రాసి, ఆసుపత్రికి వెళ్ళే నాన్న జేబులో పెట్టండి.