రామదాసు చెఱ – ఢిల్లీ రాజకీయము

భక్తుల చెఱసాల గాథలలో భక్తుడు, రాజు, దైవము మాత్రమే కనబడుదురు. వెనుక నిలిచిన సామ్రాజ్యము కనబడదు. యోహాను సువార్తలోని యేసు విచారణ ఇందుకు ప్రసిద్ధోదాహరణము. పిలాతు యేసునందు దోషము కానక విడువజూచును. విడిచినచో కైసరునకు మిత్రుడవు కావని జనులు బెదరింపగా లొంగును. క్రీ.శ. 26 మొదలు 36 వఱకు యూదయ నేలిన ఈ యధికారి పదవి రోము దయపై నిలిచినది. ఈ సంగతి నెఱుగనిచో ఆతని భయము మనకు బోధపడదు.

రామదాసు కథకు అట్టి నేపథ్యము ఢిల్లీ. హైదరాబాదు శాలిబండలోని మహంకాళి దేవాలయము నేటికిని అక్కన్న మాదన్నల పేరనే పిలువబడుచున్నది. వారి మేనల్లుడగు కంచర్ల గోపన్న పాల్వంచ పరగణా తహసీలుదారుగా నుండి, పన్ను సొమ్ముతో భద్రాచలాలయము కట్టించెననియు, తానీషా ఆతనిని పండ్రెండేండ్లు గోలకొండలో బంధించెననియు ఐతిహ్యము.

1636 నాటి ఒడంబడికచే గోలకొండ మొగలు చక్రవర్తికి లోబడి, ఏటేట రెండు లక్షల హొన్నులు కప్పము చెల్లింపవలసి వచ్చెను. 1656లో ఔరంగజేబు కోటను ముట్టడించెను. ఇట్టి రాజ్యమున పన్ను బాకీ సామాన్యాపరాధము కాదు. బ్రాహ్మణ మంత్రుల కధికార మిచ్చుట, మరాఠాలకు తోడ్పడుట తానీషాపై ఢిల్లీ మోపిన నేరములు. అట్టి స్థితిలో మేనల్లుని బాకీని మాదన్న మాఫీ చేయింపజాలకుండుట సహజమని మా యభిప్రాయము.

కాలగణనము నిచట పరిశీలింపవలెను. తానీషా 1672లో రాజయ్యెను. మాదన్న 1674 ప్రాంతమున ప్రధానియై, 1686 మార్చిలో సోదరునితో గూడ హతుడయ్యెను. 1687లో గోలకొండ పతనమయ్యెను. మాదన్న యధికారమే ఇంచుమించు పండ్రెండేండ్లు. ఆతని ప్రాపున ఉద్యోగము, వసూలు, ఆలయ నిర్మాణము జరిగి, పిమ్మట పండ్రెండేండ్ల చెఱ యనిన లెక్క కుదురదు. ఉద్యోగము మాదన్న ప్రాధాన్యమునకు ముందే వచ్చియుండవలెను; లేదా పండ్రెండను సంఖ్య, పాండవుల వనవాసము వలె, సంప్రదాయసిద్ధమై యుండవలెను.

రామదాసు కీర్తనలలో సీతారాములకు చేయించిన నగలును వాని వెలలును ఏకరువు పెట్టబడినవి. అది భక్తుని మొఱ. లెక్క యొప్పజెప్పుచున్న ఉద్యోగి వాఙ్మూలము గూడ. కావున ఈ చెఱను మతవైరముగా బోధించుట చరిత్రకు సరిపడదు. రామలక్ష్మణుల దర్శనము తానీషాకు కలిగెనని చెప్పునదియు ఆ ఐతిహ్యమే కదా! భక్తిని తగ్గింపకయే, కథ వెనుకనున్న ఖజానాను విద్యార్థులకు చూపుట మన కర్తవ్యము.