సాంచ బంద్ అయినా సప్పుడు బంద్ కాలేదు

దసరా సెలవుల్లో కోరుట్లలో మా మేనత్త ఇంటికి పోయాం. రాత్రి కరెంటు పోయి ఫ్యాన్ ఆగింది. బాపు లేచి కూర్చుని, "చెవుల మళ్లా జుయ్యిమంటాందిరా" అన్నాడు. నేను ఎప్పటిలాగే, "ఏ సప్పుడు లేదు బాపు, నీకు అట్ల అనిపిస్తాంది, పండుకో" అన్నాను.

బాపు సిరిసిల్లలో ఇరవై ఏళ్లుగా సాంచలు, అంటే మరమగ్గాలు, నడుపుతున్నాడు. జగిత్యాల హాస్టల్‌కి తిరిగొచ్చి ఆ మోత గురించి చదివాక నాకు సిగ్గనిపించింది.

బయట శబ్దం లేకుండా వినిపించే ఈ మోతను టిన్నిటస్ అంటారు. లోపలి చెవిలో నత్తగుల్ల ఆకారంలో ఉండే కాక్లియాలో సన్నని రోమ కణాలు ఉంటాయి. శబ్దాన్ని నరాల సిగ్నల్‌గా మార్చేది అవే. ఏళ్ల తరబడి పెద్ద మోతలో ఉంటే అవి చచ్చిపోతాయి, మనుషుల్లో మళ్లీ పుట్టవు. మన దేశంలో ఫ్యాక్టరీల రూల్ ప్రకారం 8 గంటల పనికి 90 డెసిబెల్స్ పరిమితి. సాంచల షెడ్డులో పక్కవాడితో మాట్లాడాలంటే చెవి దగ్గర అరవాలి.

మరి కణాలు పోతే శబ్దం తగ్గాలి కదా, కొత్త మోత ఎందుకొస్తుంది? ఆన్‌లైన్ క్లాసులు గుర్తు తెచ్చుకోండి. సార్ మెల్లగా మాట్లాడితే మైక్ తనంతట తానే గెయిన్ పెంచుతుంది, దాంతో గదిలోని 'స్స్స్' కూడా పెరుగుతుంది. చెవి నుంచి ఇన్‌పుట్ తగ్గితే మెదడు కూడా ఇలాగే చేస్తుందని చాలామంది పరిశోధకులు అనుకుంటున్నారు.

1998లో అమెరికాలోని బఫెలోలో అలాన్ లాక్‌వుడ్ బృందం పెట్ స్కాన్‌తో ఒక పరీక్ష చేసింది. దవడ బిగించి తమ మోతను పెంచుకోగల, తగ్గించుకోగల కొద్దిమందిని తీసుకున్నారు. బయటి శబ్దం వినిపిస్తే మెదడులో రెండు వైపులా వినికిడి భాగాలు స్పందించాయి. మోత మారినప్పుడు మాత్రం ఒక్క వైపే రక్తప్రవాహం మారింది. చెవిలో పుట్టిన శబ్దమైతే రెండు వైపులా కనిపించాలి. అంటే ఆ మోత మెదడులోదే అని వాళ్లు తేల్చారు.

అయినా ఒక మనిషిని స్కాన్ చేసి "నీకు టిన్నిటస్ ఉంది" అని చెప్పే పరీక్ష ఇప్పటికీ లేదు. డాక్టరుకైనా పేషెంట్ మాటే ఆధారం. ఆ మాటనే నేను ఇన్నేళ్లూ కొట్టిపారేశాను.

ఇంకో సంగతి. ఎఫ్‌ఎంఆర్‌ఐ స్కానర్ మోత 100 డెసిబెల్స్ దాటుతుంది కాబట్టి అందులో పడుకునేవాళ్లకు ఇయర్‌ప్లగ్స్ ఇస్తారు. అరగంట పనికే ఇస్తారు. బాపుకు ఇరవై ఏళ్లలో ఎవరూ ఇవ్వలేదు.

దీన్ని పూర్తిగా పోగొట్టే మాత్ర లేదు. కానీ వినికిడి తగ్గినవాళ్లకు హియరింగ్ ఎయిడ్, మనసుకు కౌన్సెలింగ్, రాత్రిళ్లు ఫ్యాన్ లాంటి చిన్న సప్పుడు ఉపశమనం ఇస్తాయి. ఒక్క చెవిలోనే మోగినా, వినికిడి హఠాత్తుగా తగ్గినా వెంటనే ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి పోవాలి. హాస్టల్లో ఫుల్ వాల్యూమ్‌లో ఇయర్‌బడ్స్ పెట్టుకుని పడుకునే మిత్రులారా, ఇది మీకు కూడా!

నిన్న ఫోన్ చేసి చెప్పాను: "బాపు, ఆ సప్పుడు నిజంగనే ఉన్నది. చెవుల కాదు, మెదడుల. ఈసారి వచ్చేటప్పుడు ఇయర్‌ప్లగ్స్ తెస్త, డాక్టర్ దగ్గరికి కూడా పోదాం."

కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: "గిదే కదరా ఇన్నేండ్ల సంది నేను చెప్తున్నది."