రెండు ఆచారముల ఇంట పెరుగు బిడ్డ

తల్లి తెలుగింటి ఆడపడుచు, తండ్రి వంగదేశీయుడు. ఇట్టి దంపతులు నేడు హైదరాబాదులోను, కోల్‌కతాలోను, బెంగుళూరులోను, విదేశములలోను అనేకులు కలరు. పెండ్లినాడు రెండు పద్ధతులను కలిపి ముచ్చట తీర్చుకొన్నవారికి అసలు ప్రశ్న బిడ్డ పుట్టిన పిమ్మట ఎదురగును. ఎవరి పద్ధతిలో అన్నము ముట్టింపవలెను? ఏ పండుగ చేయవలెను? ఏ అక్షరము ముందు దిద్దింపవలెను? "మీ వైపు, మా వైపు" అను మాట పెద్దల నోట వెలువడినప్పుడు నడుమ నిలిచిన పసిబిడ్డ ఏ వైపునకు చెందును?

ప్రాంతమును బట్టి ఆచారము మారుననుట మన పూర్వులకు తెలియని సంగతి కాదు. బౌధాయన ధర్మసూత్రము ఆరంభముననే దక్షిణమున ఐదు, ఉత్తరమున ఐదు విలక్షణమైన ఆచారములు కలవని చెప్పి, ఒకచోటి ఆచారమును మరియొకచోట పాటించుట దోషమనియు, ఎవరి ప్రాంతమున వారికి దేశాచారమే ప్రమాణమనియు పేర్కొన్నది. గౌతముడు ఈ మాటను ఒప్పుకొనలేదని కూడ అచ్చటనే వ్రాసియున్నది! అనగా ఈ తగవు మన కోడండ్రతో, అల్లుండ్రతో పుట్టినది కాదు. దక్షిణదేశపు ఆచారములలో మేనరికము చేరియున్నదని ఇచ్చట గమనింపవలెను. తెలుగింట మేనమామ కొడుకును చూపి "అదిగో, నీ బావ వచ్చినాడే" అని మూడేండ్ల పాపను ఆటపట్టించుట పరిపాటి. ఆ మాటకు అర్థము తెలిసిన బెంగాలీ నాయనమ్మ నివ్వెరపోవును. ఆమె భాషలో మామ కొడుకు 'దాదా', అనగా అన్నయే. మామ అను పిలుపు రెండు ఇండ్లలోను ఉన్నను, వారికి తల్లి సోదరుడే మామ; పిల్లనిచ్చినవానిని ఆ పేరుతో పిలువరు. ఇట్టి ఇంట ఆ పరిహాసమును పూర్తిగా మానుటయే మేలని మేము తలంచుచున్నాము. దగ్గరి రక్తసంబంధమున వివాహములు కూడదని వైద్యులును చెప్పుచున్న ఈ కాలమున దానిని మానినందువలన తెలుగుతనమునకు వచ్చిన లోటు లేదు.

అన్నప్రాశనమును బెంగాలీలు 'ముఖే భాత్' అందురు. నోట అన్నము అని అర్థము. సాధారణముగా మేనమామయే బిడ్డకు తొలిముద్ద పెట్టును. మన ఇండ్లలోను మేనమామకు ఈ ముచ్చట ఉన్నది. పిమ్మట పుస్తకము, కలము, బంగారము మొదలగునవి ఎదుట ఉంచి బిడ్డ దేనిని పట్టునో చూచు వేడుక ఇరువురకును కలదు. వారు పళ్ళెములో మట్టిని కూడ ఉంచుదురు. కావున సగము తగవు పుట్టకమునుపే తీరినది. మిగిలినది చేప. వంగదేశమున చేప శుభసూచకము, బ్రాహ్మణ గృహములలో సైతము నిషిద్ధము కాదు. శాకాహారియైన తెలుగు తాతగారికి ఆ పంక్తిలో కూర్చుండుట కష్టమే. పారస్కర గృహ్యసూత్రము ఆరవ మాసమున అన్నప్రాశనము విధించుచు, ఆయా ఫలములు కోరువారు బిడ్డకు పెట్టదగిన వాటిలో మత్స్యమును కూడ పేర్కొన్నది. ఈ మాట తాతగారిచే చేప తినిపించుటకు చెప్పుట లేదు. వియ్యాలవారిని అనాచారులని అనకుండుటకు చెప్పుచున్నాము. పాయసము రెండు ఇండ్లలోను శుభమే. వారు దానిని 'పాయేష్' అందురు. దేవుని ఎదుట తొలిముద్ద పాయసముతో పెట్టి, చేపల విందును మరియొక పూట నాయనమ్మగారింట జరుపుకొన్నచో ఇరువురును తృప్తులగుదురు.

బిడ్డ కొంచెము ఎదిగి మాటలు నేర్చిన పిమ్మట రేగుపండు వచ్చును. ఇది వినుటకు చిన్న సంగతి, పసిబిడ్డకు మాత్రము చాల పెద్దది. భోగినాడు అమ్మమ్మ తలపై రేగుపండ్లు, చిల్లర నాణెములు, పూలరేకులు పోసి దిష్టి తీయును. నాయనమ్మయో సరస్వతీపూజ కానిదే రేగుపండు నోట పెట్టరాదనును; దేవికి నివేదించిన పిమ్మటనే తినవలెనని వంగదేశపు నియమము. 2024లో భోగికి, ఆ పూజకు నడుమ సరిగా ఒక మాసము ఉండెను. 2026లో సుమారు పది దినములే. తలపై పోసినవి దిష్టి తీసిన పండ్లు గనుక వాటిని తినరాదని మన పెద్దలును చెప్పుదురు గదా! కావున అమ్మమ్మ పోయవచ్చును, నాయనమ్మ ఆపవచ్చును. ఒకరి మాటకు మరియొకరి మాట అడ్డము రాదు. బిడ్డకు మాత్రము కొన్ని దినములు ఓర్పు కావలెను. శ్రీపంచమినాడు ప్రసాదముగా చేతికి వచ్చిన రేగుపండు రుచి వేరు.

ఆ శ్రీపంచమియే రెండు ఇండ్లను దగ్గర చేయు దినము. మాఘ శుద్ధ పంచమినాడు గోదావరీతీరమున బాసర జ్ఞానసరస్వతి సన్నిధిలో అక్షరాభ్యాసములకు తల్లిదండ్రులు బారులు తీరుదురు. అదే దినమున వంగదేశమున 'హాతే ఖొడి' జరుగును. చేతికి బలపము అని అర్థము. పిల్లలు పసుపుపచ్చని వస్త్రములు ధరింతురు. పుస్తకములను దేవి ఎదుట ఉంచి, ఆనాడు చదువరు. పిల్లలకు ఇంతకంటె ఇష్టమైన నియమము మరియొకటి ఉండదు!

ఇక ఏ అక్షరము ముందు? రెండు లిపులకును మూలము బ్రాహ్మియే. రెండింటను అ, ఆ, ఇ, ఈ అనియే వరుస. అయితే మొదటి అక్షరమును మనము 'అ' అందుము, వారు 'ఒ'కు దగ్గరగా పలుకుదురు. ఒకే పలకపై రెండును దిద్దించి, అమ్మ ఒక విధముగా, నాన్న మరియొక విధముగా పలికినచో బిడ్డ తికమకపడునని పెద్దలు భయపడుదురు. ఆ భయము అనవసరము. ఇంట ఇరువురును తమ తమ భాషలో విడువక మాటలాడినచో పసిబిడ్డలు రెండింటిని నేర్తురు. చిక్కు వేరొకచోట ఉన్నది. అమ్మయు నాన్నయు తమలో తాము ఆంగ్లముననో హిందీలోనో మాటలాడుకొందురు. బిడ్డయు ఆ మూడవ భాషనే పట్టుకొనును. అప్పుడు అమ్మమ్మతోను, నాయనమ్మతోను మాటలాడుటకు బిడ్డకు భాషయే మిగులదు. చేపను గూర్చి, రేగుపండును గూర్చి వాదించుకొను పెద్దలు ఈ నష్టమును గమనింపకుండుట మాకు విచారము కలిగించుచున్నది. వారమునకొకసారి ఫోనులో అమ్మమ్మ చెప్పు కథ, నాయనమ్మ చెప్పు కథ ఇందుకు చాల ఉపకరించును.

తల్లిది తెలంగాణమైనచో మరియొక సౌలభ్యము కలదు. భాద్రపద అమావాస్య బెంగాలీలకు మహాలయ. వేకువన రేడియోలో వీరేంద్రకృష్ణ భద్ర కంఠమున మహిషాసురమర్దిని వినుట వారి ఇండ్లలో పెద్ద వేడుక; ఆ కార్యక్రమము 1931లో కలకత్తా రేడియోలో ఆరంభమైనది. ఆ సాయంకాలమే తెలంగాణమున ఎంగిలిపూల బతుకమ్మ. తంగేడు, గునుగు తెచ్చి పేర్చుటకు బిడ్డయు చేయి సాయము పట్టవచ్చును. అయితే తెల్లవారక మునుపే నాన్నతో లేచిన పసిబిడ్డను మధ్యాహ్నము కొంతసేపు నిద్రపుచ్చవలెను. లేనిచో బతుకమ్మ చుట్టు ఆట మొదలగు వేళకు అమ్మ భుజముపైననే నిద్రపోవును.