మెమో తర్వాత ఏం జరుగుతుంది?

హాస్టల్ తమ్ముళ్లలో చాలామంది గ్రూప్స్‌కు చదువుతున్నారు. రేపు మెమోలు ఇచ్చే కుర్చీలో మీరే కూర్చోవచ్చు. అందుకే ఈ నాలుగు మాటలు.

ఎం.ఏ. పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ ప్రాజెక్టు కోసం ప్రశ్నావళి పట్టుకుని అనంతపురంలో కొన్ని ఆఫీసుల మెట్లెక్కాను. "మీ సిబ్బంది క్రమశిక్షణతో పనిచేస్తున్నారా?" అన్నది నా మొదటి ప్రశ్న. "అందరూ బాగా చేస్తారు, రాసుకో నాయనా" అన్నారొక అధికారి. బయట మూడు కుర్చీలు ఖాళీ! అయినా తప్పు నా ప్రశ్నదే. లేదని చెబితే తన మీద తానే ఫిర్యాదు రాసిచ్చినట్టు కదా.

ప్రశ్న మార్చాను. "చివరిసారి మెమో ఎప్పుడిచ్చారు సార్? తర్వాత ఏమైంది?" అప్పుడు ఆయన కళ్లజోడు తీసి మాట్లాడారు.

2006 ఫిబ్రవరి 2న మన జిల్లా బండ్లపల్లిలో మొదలైన ఉపాధి హామీలో సామాజిక తనిఖీ ఉండేది. పని జరిగిందా లేదా కూలీలే చెప్పేవారు. కానీ ఫైలు ఎక్కడ ఆగిందో అధికారినే అడగాలి.

ఆ ఫైలు నడిచే దారి 1991 నాటి సి.సి.ఏ. రూల్స్‌లో ఉంది. చిన్న తప్పుకు సంజాయిషీ తీసుకుని అభిశంసన చేయవచ్చు, ఇంక్రిమెంటు ఆపవచ్చు. పెద్ద శిక్షకు అభియోగ పత్రం, విచారణ, సాక్షులు, నివేదిక కావాలి. విచారణ నడుస్తుండగా చేసే సస్పెన్షన్ శిక్ష కాదు, అది తేలేదాకా పక్కన ఉంచడం. ఆ కాలానికి జీవనభృతి కూడా ఇస్తారు. "ఇదంతా నడిపేలోగా నాకే బదిలీ వస్తుంది" అన్నారాయన. అమెరికాలోనూ మెరిట్ సిస్టమ్స్ ప్రొటెక్షన్ బోర్డు అడిగితే, పైవారి మద్దతు లేకపోవడం పెద్ద అడ్డంకి అని సూపర్‌వైజర్లు చెప్పారు.

అలాగని విచారణ దండగ అనను. ఆరోపణ ఏమిటో చెప్పి, జవాబు విని, ఆ తర్వాతే ఉద్యోగం తీసేయాలన్నది రాజ్యాంగం 311వ అధికరణం ఇచ్చిన రక్షణ. మా అమ్మ ఒక హాస్టల్లో ఏజెన్సీ ద్వారా చేరిన కామాటి. ఆమెకు ఆ అధికరణం వర్తించదు. జ్వరమొచ్చి రెండు రోజులు పోకపోతే మూడోరోజు "రావద్దు" అన్నారు. మెమో లేదు, సంజాయిషీ లేదు.

ప్రశ్నావళి చివర ఇంకో ప్రశ్న చేర్చాను. "ఏజెన్సీ మనిషిని తీసేస్తే ఏం రాస్తారు సార్?"

"దానికి ఫైలుండదు నాయనా" అన్నారు.